కవరులో సరిపోయిన ట్యాబ్

పొద్దున్నే లోయ నిండా మంచు పరిచి, ఎండెక్కే వేళకు దాన్ని తానే ఎత్తివేసే దేవునికి స్తోత్రం. చూడగలిగినవారికీ చూడలేనివారికీ ఒకే తండ్రి అయినవానికి మహిమ. నేను రాయబోయే దానిలో నాకు ఘనత ఏమీ లేదు. ముందు ఆయన్ని స్తుతిస్తే ఏదీ దాచకుండా రాయగలనని ఇలా మొదలుపెట్టాను.

నా భర్త అరకు చుట్టుపక్కల కొండల్లో దైవసేవకుడు. కింది ఊరిలో మాకు రేకుల మందిరం ఉంది. ఆదివారం అక్కడ ఆరాధన ముగిశాక కాఫీ తోటల మధ్య కాలిబాటన గంటన్నర ఎక్కి పై ఊరికి వెళ్తాం. అక్కడ మందిరం లేదు. ఎవరింటి ముందు నీడ ఉంటే అక్కడ చాపలు వేస్తారు. బల్ల ఉండదు, మైకు ఉండదు. ఆయన ఎడమ చేతిలో గ్రంథం తెరిచి పట్టుకుని, నిలబడి చదువుతారు. కుడి చేయి ఖాళీగా ఉండాలి. జబ్బుతో వచ్చినవాళ్ల తల మీద పెట్టి ప్రార్థించేది ఆ చేత్తోనే.

రెండేళ్లుగా ఆయనకు చూపు తగ్గుతోంది. షుగరు వల్ల కంటి వెనక పొర పాడైందని, అది ఆపరేషనుతో గానీ కళ్లజోడుతో గానీ బాగయ్యేది కాదని విశాఖపట్నంలో డాక్టరుగారు చెప్పారు. అక్షరాలు బాగా పెద్దవి చేసుకుంటే కొన్నాళ్లు చదువుకోవచ్చన్నారు. ట్యాబ్ కొనుక్కోమని సలహా ఇచ్చింది కూడా ఆ డాక్టరుగారే.

ఈ సంగతి సంఘంలో ఎవరికీ చెప్పలేదు. చెప్పవద్దన్నది నేనే. ఎంతమంది కళ్ల మీద మా ఆయన చేయి పెట్టి ప్రార్థించారో నాకు తెలుసు. జబ్బు చేస్తే ఊరి పూజారి దిసారి దగ్గరికి వెళ్లే అలవాటు మాని మా దగ్గరికి వచ్చిన కుటుంబాలున్నాయి. అయ్యగారి కళ్లే బాగుకాలేదట అన్న మాట ఒక్క నోటి నుంచి వచ్చినా ఆ కుటుంబాలు నిలబడతాయా అని నా భయం. ఆ భయానికి నేను విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను.

ముప్పై ఏళ్లుగా చదువుతున్న వాక్యం కాబట్టి ఆయనకు చాలా భాగాలు కంఠతా వచ్చు. గ్రంథం తెరిచి పట్టుకుని, కంఠతా వచ్చినది చెప్పి నెట్టుకొస్తున్నారు. స్త్రీల వైపు మొదటి వరసలో కూర్చునే నాకు మాత్రం తెరిచిన పేజీ వేరు, చెబుతున్న భాగం వేరు అని కనబడేది. ఆ ప్రసంగాల్లో ఒక్కటీ నా చెవికెక్కలేదు. ఎక్కడ తడబడతారో అని ఆయన పెదవులే చూస్తూ కూర్చునేదాన్ని.

వానలు వెనకబట్టాక ఒక సోమవారం రైలెక్కి విశాఖపట్నం వెళ్లాను. సంచిలో ఆయన పాత గ్రంథానికి వేసే జిప్పు కవరు ఖాళీది పెట్టుకున్నాను. ఎర్ర రంగు వెలిసిపోయిన రెగ్జిను కవరు అది. పై ఊరి పిల్లలకు కూడా ఆ కవరు గుర్తే. సొరంగాలు దాటుతున్నంతసేపూ ప్రార్థన చేశాను: "ప్రభువా, ఏది కొనాలో నాకు తెలియదు. ఈ కవరులో ఏది సరిపోతే అదే నీ చిత్తమని తీసుకుంటాను."

దుకాణంలో కౌంటరు వెనక ఉన్న అమ్మాయి రెండు ట్యాబులు తీసి పక్కపక్కన పెట్టింది. పెద్దదాని మీద అక్షరాలను రాజ్మా గింజలంత చేసినా వరసకు నాలుగైదు మాటలు పట్టాయి. చిన్నదాని మీద అదే సైజు పెడితే వరసకు రెండే.

"ఎవరికి మేడమ్?"

"మా ఆయనకమ్మా. చూపు తక్కువ."

"అయితే పెద్దదే తీసుకోండి. చిన్నదాంట్లో రెండేసి ముక్కలకోసారి పైకి తోసుకోవాలి. కళ్ల సంగతి దేవుడెరుగు, బొటనవేలు అరిగిపోద్ది."

నేను పెద్దదాన్ని ఎడమ చేతిలో పట్టుకుని, చేయి ముందుకు చాచి నిలబడ్డాను. ఆ అమ్మాయి కాసేపు చూసింది.

"ఏటి మేడమ్, అలా ఉండిపోయారు? సెల్ఫీయా?"

"కాదమ్మా. ఒక ప్రసంగం అంతసేపు పట్టుకుంటే బరువెంతో తెలుస్తుందని."

"ప్రసంగం ఎంతసేపుంటాది?"

"ముప్పావు గంట."

"అమ్మో! నాకు భోజనం టైమైపోద్ది. మీరు చెయ్యి దించకుండా ఉండండి, నేను బేగి తినేసి వచ్చేస్తాను," అని పకపక నవ్వింది.

పది నిమిషాలకే నా మణికట్టు లాగేసింది. చిన్నది అలా లేదు, అరచేతిలో ఒదిగింది. ఇంటికి వెళ్లి ఆయనకు చెప్పడానికి నాకు న్యాయమైన కారణమే దొరికింది. కానీ చివరగా నేను చేసినది ఇది. సంచిలోంచి కవరు తీసి పెద్దదాన్ని పెట్టి చూశాను. సగం బయటే ఉండిపోయింది. చిన్నదాన్ని పెట్టాను. కొలిచి కుట్టినట్టు కూర్చుంది. జిప్పు వేస్తే లోపల ఉన్నది గ్రంథమే అనుకుంటారు. "స్తోత్రం ప్రభువా," అన్నాను పైకే.

ఇప్పుడు దాచను. బయలుదేరే ముందురోజు దర్జీ టేపుతో ఆ కవరును కొలిచాను. దుకాణానికి ఫోను చేసి రెండు ట్యాబుల పొడుగు వెడల్పులూ అడిగి తెలుసుకున్నాను. ఏది పడుతుందో తెలిసి, తెలియనట్టు దేవుణ్ణి గుర్తు అడిగాను. పిల్లలకు ఆదివారపు బడిలో వాక్యం నేర్పే మనిషిని నేను.

ఆయన చిన్నదాన్ని చేతిలో తిప్పి చూశారు. "పెద్దది లేదా?" అని ఒక్కసారి అడిగారు.

"బరువండీ. కుడి చేయి కూడా దానికే పోతుంది," అన్నాను. ఆయన దాన్ని కవరులో పెట్టి జిప్పు వేశారు.

రెండు మూడు నెలలు అలా గడిచాయి. జనవరిలో కాఫీ పళ్లు ఎండుతున్న రోజుల్లో పై ఊరిలో ఒక ముసలమ్మ ఇంటి ముందు ప్రార్థన కూటం పెట్టారు. ఆమె కోడలితో ఉంటుంది. ఆమెకు కుడి కంటిలో పువ్వులా తెల్లగా శుక్లం ముదిరిపోయింది, ఎడమ కన్ను కూడా మసకబారుతోంది. ఆపరేషనుకు విశాఖపట్నం తీసుకువెళ్లడానికి కంటి ఆసుపత్రివాళ్లు కింది ఊరికి బండి పంపుతున్నారని తెలిసి నేనే ఆమె పేరు రాయించాను.

ఆయన కవరు తెరిచి, తప్పిపోయిన గొర్రె భాగం చదవడం మొదలుపెట్టారు. అది ఆయనకు నిద్రలో కూడా వచ్చు. బొటనవేలితో తోసుకోవడం మరిచిపోయారు కాబోలు, కాసేపటికి ట్యాబ్ అద్దం ఆరిపోయింది. ఆరకుండా పెట్టే ఏర్పాటు ఉందని నాకు అప్పటికి తెలియదు. ఆయన ఆపలేదు. నల్లటి అద్దం మీద కళ్లు పెట్టి, మధ్యమధ్య బొటనవేలు కదుపుతూ, కాపరి ఆ గొర్రెను భుజాల మీద వేసుకుని ఇంటికి వచ్చేదాకా చదివారు. ఆయన వెనక, చంకలో బిడ్డతో నిలబడిన ముసలమ్మ కోడలు తొంగి చూసింది.

"అత్తా! అద్దంలో అచ్చరమే నేదు! నల్లగుంది! అయ్యగోరు సదివేత్తన్నారు!"

ముసలమ్మ రెండు చేతులూ పైకెత్తి స్తోత్రం అని అరిచింది. మగవాళ్లు లేచారు. దేవుడే చదివించాడన్నారు. ఆయన కవరు మూసి నా వైపు చూశారు. నేను నేల చూశాను. ఆ రోజు ప్రార్థన కోసం తల వంచినవాళ్లు ఎప్పటికంటే ఎక్కువమంది.

దిగేటప్పుడు సగం దారిలో ఆయన మిరియాల తీగ పాకిన ఒక సిల్వరోకు చెట్టు దగ్గర ఆగారు.

"వాళ్లు అరిచినప్పుడు నాకు తీపిగా అనిపించింది," అన్నారు. "అదే నన్ను భయపెడుతోంది."

"మీరు అబద్ధం చెప్పలేదు కదండీ."

"నిజమూ చెప్పలేదు."

ఆ వారం ఇంట్లో ఏ పని పట్టుకున్నా సగంలో వదిలేశాను. అన్నం మాడ్చాను. మోకాళ్ల మీద ఉంటే లేవాలనిపించేది, లేస్తే మళ్లీ వంగాలనిపించేది. శుక్రవారం సంతలో ముసలమ్మ కోడలు అల్లం అమ్ముతూ కనబడింది.

"అమ్మగోరూ, మా అత్త బండెక్కనంటంది."

"అదేమిటి? పేరు రాయించాం కదమ్మా."

"కళ్లతో పన్నేకండా అయ్యగోరి సేత సదివించినోడు, నాకు కత్తెట్టించుతాడేటి అంటంది. రోజూ ఒట్టి అద్దం ముక్క పట్టుకుని కూకుంటంది. నేనేటి సెప్తే ఇంటాది?"

కొన్న అల్లం అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చాను. ఆయన ముందు కూర్చుని అన్నీ చెప్పేశాను. దర్జీ టేపు, ఫోను, రైల్లో చేసిన దొంగ ప్రార్థన. పెద్దది తెస్తే అందరికీ తెలిసిపోతుందనే చిన్నది తెచ్చానని చెప్పాను. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "పెద్దది లేదా అని అడిగినప్పుడే నాకు తెలుసు," అన్నారు. "తెలిసే తీసుకున్నాను."

మొన్న ఆదివారం పై ఊరిలో, అదే వాకిట్లో, ఆయన చదవకుండా ముందు తన కళ్ల సంగతి చెప్పారు. డాక్టరు ఏమన్నారో చెప్పారు. ఆ రోజు తాను చదవలేదని, కంఠతా వచ్చినది చెప్పానని ఒప్పుకున్నారు. నేను లేచి నా తప్పు కూడా చెప్పాను. మేము చెప్పడం ముగించి జనం వైపు చూస్తే, వాళ్లు నవ్వుతున్నారు.

"ఎంత తగ్గింపో సూడండి," అన్నది ముసలమ్మ పక్కవాళ్లతో. "గొప్పోలు ఇలాగే అంటారు."

ఆయన కవరు జిప్పు తీసి, ట్యాబ్ బయటకు లాగి, చదువు వచ్చిన కోడలి చేతికిచ్చారు.

"నీకు ఇష్టమైన చోటు తియ్యమ్మా. నాకు చెప్పకు. దాని వెలుగు ఆర్పేసి ఇలా ఇవ్వు."

ఆమె ఎక్కడో తీసింది. పేర్ల వరసలు ఉండే భాగమని తరువాత తెలిసింది. ఆయన నల్లటి అద్దాన్ని ఎడమ చేతిలో పట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపో చెప్పలేను. కళ్లంలో కోడి కాఫీ గింజలు కెలుకుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో దగ్గారు. జనం ముఖాల్లో ఎదురుచూపు మెల్లగా మారడం నేను చూశాను.

"చదవలేనమ్మా," అన్నారు ఆయన.

అద్దం వెలిగించి, అక్షరాలు పెద్దవి చేసి, ముఖానికి ఆనించుకుని చదివారు. ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని, బడిలో చేరిన కొత్తలో పిల్లలు చదివినట్టు. ముప్పై ఏళ్లలో ఆయన అలా చదవడం ఎవరూ వినలేదు. వెనక వరసలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఆ ఇద్దరి వీపులు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

ముసలమ్మ దగ్గరికి వచ్చి ఆయన ముఖం తడిమింది. "అయితే నీకూ కనబడదేటి?"

"సరిగ్గా కనబడదమ్మా."

"మరి నాకు బండెక్కమంటన్నావు, నువ్వెక్కవేటి?"

"నాది కత్తికి బాగయ్యేది కాదన్నారు. నీది బాగవుతుందన్నారు. నాకే ఆ మాట చెప్పి ఉంటే, ఈపాటికి బండికి ఎదురెళ్లి ఎక్కేవాణ్ణి."

ఆమె చెయ్యి తన కుడి కంటి మీదకు పోయింది. "కత్తెడతారు కదేటి," అన్నది. తరువాత, "సూత్తాను," అన్నది. అంతకుమించి మాట ఇవ్వలేదు.

ఇది రాస్తున్నది మంగళవారం. బండి గురువారం ఉదయం వస్తుంది. బుధవారం సాయంత్రమే పై ఊరికి వెళ్లి ఆమె ఇంట్లో పడుకుని, తెల్లవారగానే దింపుకు రావాలని అనుకున్నాను. ఆమె వస్తే తోడుగా నేనూ విశాఖపట్నం వెళ్తాను. ఆమెను ఆసుపత్రిలో చేర్చాక ఆ దుకాణానికి వెళ్లి పెద్ద ట్యాబ్ తెస్తాను. చిన్నది ఆదివారపు బడి పిల్లలకు ఉంటుంది. పెద్దదాన్ని ఆయన పక్కన నిలబడి నేనే రెండు చేతులతో పట్టుకుంటాను. మా సంఘంలో చదివేచోట స్త్రీ నిలబడే అలవాటు లేదు, పెద్దలను అడగాలి. ఏమంటారో తెలియదు. ఈసారి కవరు తీసుకెళ్లడం లేదు.

ఆమె రాకపోతే ఏం చేయాలో నాకు తెలియదు. పొద్దుట నుంచి మూడుసార్లు గుమ్మంలోకి వెళ్లి కొండ వైపు చూశాను. మంచు ఇంకా విడలేదు. లేచి వెళ్లిన ఆ ఇద్దరూ ఇంటింటికీ ఏం చెబుతున్నారో అనే ఆలోచన వదలడం లేదు.

చదువుతున్న మీరు ఎవరైనా, ఎక్కడున్నా, ఇక్కడ కాసేపు ఆగి నాతో పాటు తల వంచండి. ఇది మీకు చేరేసరికి ఆ గురువారం దాటిపోయి ఉండవచ్చు. అయినా వంచండి, దేవునికి ఆలస్యం లేదు. తండ్రీ, మేము దాచినందువల్ల ఆ ముసలమ్మ తన కన్ను పోగొట్టుకోకుండా కాపాడు. ఆమె కాలును ఆ బండి మెట్టు మీద పెట్టించు. వెళ్లిపోయిన ఇద్దరినీ వెనక్కి తీసుకురా. ఈ తడవ మేము ఏ గుర్తూ అడగడం లేదు. ఆమేన్ అనండి.