మరకతో సహా

అశ్వారావుపేట బడిలో నేను సైన్సు చెప్పే రోజుల్లో, తొంభైలు ఇంకా రాకముందు, మాకు ఒక కంప్యూటర్ వచ్చింది. టీవీ లాంటి తెర, దాని ముందు టైపు మిషను లాంటి మీటల పెట్టె. దాన్ని ఎలా వాడాలో చెప్పే మనిషి మాత్రం రాలేదు. "నువ్వు సైన్సు టీచరువి కదమ్మా, నువ్వే చూసుకో" అని హెడ్మాస్టరు గారు గది తాళంచెవి నాకిచ్చి చేతులు దులుపుకున్నారు.

ఇలాంటి పెట్టెలే మధిరలో, ఖమ్మంలో, భద్రాచలం అవతల అడవిలో ఒక హాస్టలు బడిలో ఉన్నాయని తెలిసింది. అక్కడా నాలాంటి దిక్కులేనివాళ్లే. నలుగురం కలిసి ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టుకున్నాం. ఎవరికి తెలిసిన చిన్న ప్రోగ్రాం వాళ్లు అందులో రాసి, ఎర్ర బస్సు కండక్టరు చేతికిస్తే, అది నాలుగు ఊళ్లూ తిరిగి నెలకోసారి నా దగ్గరికి వచ్చేది. నియమం నాదే. ఒకటి దించుకుంటే ఒకటి రాయాలి. రెండు విడతలు రాయకపోతే అట్ట లోపలి జాబితాలోంచి ఆ ఊరు కొట్టేస్తాం, బుక్కు ఇక అక్కడికి వెళ్లదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, నియమాలూ అలాగే పెడతాను.

నాకొచ్చిన ప్రోగ్రామింగంతా ఆ బుక్కు చలవే. ఎవరో రాసిన పది వరుసలు చూసి మీటల మీద కొట్టేదాన్ని. అది ఆడాక అందులో వేలు పెట్టేదాన్ని. పది ఉన్నచోట వెయ్యి పెడితే ఏమవుతుంది? ఈ వరుస పీకేస్తే? తెర నిండా చుక్కలు పరిగెత్తేవి, లేదంటే పెట్టె మొద్దులా ఉండిపోయేది. చెడగొట్టీ చెడగొట్టీ నేర్చుకున్నాను. అన్నింట్లోకీ అడవి బడి సారు రాసినవి ముచ్చటగా ఉండేవి. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఒక వానాకాలం తర్వాత ఆయన రాత మారింది. ఒక్కో అక్షరం విడివిడిగా, కాగితం అవతలికి దిగేంత గట్టిగా నొక్కి ఉంది. పేజీ కింద కుడి మూలన చింతగింజంత నీలం మరక. పెన్ను కక్కిందేమో అనుకున్నాను. మరుసటి నెల కొత్త పేజీ మీదా అదే మరక, అదే మూలన. ఆ పై నెలా అంతే. స్కేలు పెట్టి కొలిచాను, వెంట్రుకవాసి తేడా లేదు. మిట్టమధ్యాహ్నం, గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. లేచి వెళ్లి తలుపు బార్లా తెరిచి పెట్టాను.

"ఎవరండీ మీరు? ఈ మరక ఏమిటి?" అని ఆ పేజీ కిందే రాసి పంపాను.

నెల తిరిగి బుక్కు వచ్చింది. కొత్త ప్రోగ్రాం, మూలన మరక. ప్రోగ్రాం కింద ఆ విడివిడి అక్షరాల్లోనే ఇంకో రెండు మాటలు ఉన్నాయి. "ఎవరండీ మీరు? ఈ మరక ఏమిటి?"

గుండె ఝల్లుమంది. ఆ వెంటనే ఒళ్లు మండింది. నాతో వేళాకోళమా? ఎర్ర పెన్ను తీసి జాబితాలో ఆ ఊరి మీద గీత పెట్టబోయాను. అంతలో, అసలీ ప్రోగ్రాం ఏం చేస్తుందో చూద్దామనిపించి దాన్ని పెట్టెలో కొట్టాను. తెర నా పేరు అడిగింది. మొండిగా జవాబివ్వకుండా కూర్చున్నాను. కాసేపటికి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు మాట వచ్చింది.

ఉన్నారా?

అందులో మాయేం లేదు. ఎవరూ మీట నొక్కకపోతే కాసేపాగి అలా అడగమని ఏడో వరుసలో ఉంది. ఆ వరుస కొట్టిందీ నేనే. అయినా ఆ గదిలో ఇంక కూర్చోలేకపోయాను.

బుక్కు పట్టుకుని బస్టాండుకు వెళ్లి కండక్టరు మీద ఎగిరాను.

"మీ అడవి సారుకు చెప్పు, నాతో పరాచికాలాడితే ఊరుకోనని!"

అతను తెల్లబోయి చూశాడు. "ఏ సారు మేడమ్? ఆ సారు జెరమొచ్చి సచ్చిపాయె గద. పోయిన వానాకాలంలనే. మీకు తెల్వదా?"

"మరి ఈ బుక్కు ఎవరికిస్తున్నావు?"

"స్టేజి కాడ హోటల్ల పెట్టి పోత. మల్ల నేనొచ్చేటాల్లకు ఆడనే ఉంటది. ఎవలు తీస్తరో నాకేమెరుక?"

డ్రైవరు హారన్ కొట్టాడు, బస్సు కదిలింది. బుక్కు నా చేతిలోనే ఉండిపోయింది. గదికి తిరిగొస్తే, నేను ఆపడం మరిచిపోయిన తెర పై నుంచి కింద దాకా నిండిపోయి ఉంది. ఉన్నారా? ఉన్నారా? ఉన్నారా?

ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. ఆ ఊరు జాబితాలో ఉంచాలో కొట్టేయాలో నా కళ్లతో చూసి తేల్చుకుందామని. గోదావరి దాటి, అడవిలో ఆ స్టేజి దగ్గర దిగాను. హోటలతను "ఆ సారోల్ల అమ్మ తీస్కపోతది" అని కాలిబాట చూపించాడు. టేకు ఆకులు రాలిన దారి. నా వెనక ఎవరో నడుస్తున్నట్టే చప్పుడు. ఆగితే అదీ ఆగేది. నా చెప్పుల చప్పుడేనని తెలిసీ నాలుగుసార్లు వెనక్కి చూశాను.

ఇప్పపువ్వు ఆరబోసిన వాకిలి. గడపలో ఒక పెద్దామె పాత క్యాలెండరు కాగితం వెనక ఏదో గీస్తోంది. పెన్నును కొడవలి పిడిలా గుప్పిట పట్టింది. కాగితం మీద ఆ అక్షరాలే. నేను చూస్తుండగా కింద కుడి మూలకొచ్చి, సన్నసన్న గీతలతో మరక నింపడం మొదలుపెట్టింది.

ఆమె తలెత్తింది. నేనెవరో అడగలేదు. నా చేతిలో బుక్కు చూసి మొహం వాడిపోయింది.

"ఆపేస్తున్నరా బిడ్డా?"

"మీకు చదువొచ్చా అమ్మా?"

"నాకేడిది? నా కొడుకు బుక్కుల ఎట్లుంటె గట్ల గీస్త, ముందు ఈ కాగితం మీద, ఎనక మీ బుక్కుల. ఏది అచ్చరమో ఏది కాదో నాకేమెరుక? అన్ని గీస్త." పక్కనే తెరిచి పెట్టుకున్న కొడుకు నోటుబుక్కు నా ముందుకు జరిపింది. ఎప్పుడో సిరా ఒలికి, ఆ మూలన పేజీ పేజీకీ ఇంకిపోయి ఉంది.

"నేను రాసింది కూడా గీశారు."

"వాని పేజీ కింద ఉండె. అది గూడ ఎక్కియ్యాలేమో అనుకున్న. ఎవలికన్న చూపిద్దామంటె, సారు లేడని మీకు చెప్తరాయె. రాయకుంటె ఊరు కొట్టేస్తరని నా కొడుకు చెప్పిండు. ఊళ్లె వాని పేరెత్తేటోల్లు లేరు. ఈ బుక్కొక్కటే వాని కోసమని వస్తది."

నా నియమమే. సిగ్గుతో చచ్చిపోయాను.

నా చేతిలోని బుక్కు తీసుకుని, అందులో తను చివరగా గీసిన పేజీ మీద వేలు పెట్టింది. "ఇది ఏం జెప్తది?"

"ఉన్నారా అని అడుగుతుందమ్మా."

"నువ్వేమన్నవ్?"

"ఏమీ అనలేదు."

"ఉన్న అనాలె గద!" అని నన్ను కసిరింది. "పిలుస్తుంటె పలకవా?"

కొడుకు బుక్కులో మిగిలిన పేజీలు తిప్పి చూపించింది. మూడే ఉన్నాయి. "ఇవి ఒడిసినంక?"

"మీరు రాసినా రాయకపోయినా బుక్కు వస్తుందమ్మా. నేను పంపిస్తాను."

నమ్మిందో లేదో, కొడుకు బుక్కు మూసి లోపలికి తీసుకెళ్లింది.

సోమవారం ఆ ప్రోగ్రాం మళ్లీ పెట్టి, ఉన్నారా అని అడగ్గానే, ఉన్నా అని కొట్టాను. దాన్నే నా పేరనుకుని తెర నమస్తే చెప్పింది. తలుపు దగ్గరగా వేసుకుని కాసేపు ఏడ్చాను.

మూడు నెలలకు మూడు పేజీలు వచ్చాయి. నాలుగో నెల ఆ ఊరి పేజీ ఖాళీగా ఉంటుందనుకుంటూ తెరిచాను. నిండా ఉంది. బుక్కు మొదట్లో నేను రాసిన ప్రోగ్రామే, నా కొట్టివేతలతో సహా, ఆ విడివిడి అక్షరాల్లో. కింద కుడి మూలన నీలం మరక. నా పేజీకి మరక లేదు, నాలుగుసార్లు తిప్పి చూశాను. అది ఆమె పెట్టిందే.

ఆ రోజు పిల్లలకు ఆ పేజీయే ఇచ్చి దించుకోమన్నాను. ఒకమ్మాయి పెన్నెత్తి మూల చూపించింది.

"టీచర్, ఇది గూడ దించాల్నా?"

"దించు" అన్నాను.