ఆగని ఊపిరి, ఆగిన బరాత్

ఒక్క సాక్సాఫోన్‌తోని పెండ్లి ఆపొచ్చునా అని మీకు అనుమానముంటే నన్నడగండి. ఆపి చూపించినోణ్ణి. అదీ సొంత అక్క బిడ్డ పెండ్లి.

పన్నెండేండ్ల కింది ముచ్చట. అప్పటికి నేను పిలగాణ్ణే, యాభై నాలుగేండ్లు. వరంగల్‌ల మా బ్యాండ్ లేకుండ ఏ బరాతూ కదలకపోయేది. (జర పెంచిన. ఇంకో నాలుగు బ్యాండ్లుండేవి.)

ఆ యేడు ఫోన్‌ల ఒక వీడియో చూసిన. ఒకాయన ఒక్కడే నిలబడి సాక్సాఫోన్ ఊదుతాండు. పాట లేదు, తాళం లేదు, మధ్యల ఊపిరికి ఆగుడూ లేదు. బుగ్గల దాచిన గాలిని బయటికి నూకుతనే ముక్కుతోని కొత్త గాలి పీలుస్తాండు. అది చాలదన్నట్టు ఒక్క గొట్టం నుంచి ఒక్కసారే రెండు స్వరాలు తీసిండు. ఆ పూట నాకు అన్నం సహించలే.

ఆరు నెలలు సాధన చేసిన. గ్లాసు నీళ్లల్ల స్ట్రా పెట్టి, బుడగలు తెగకుండ ఊదాలె. మా ఇంటామె చూసి, బర్రె కుడితి తాగినట్టుందని గ్లాసు తీసి బకెట్ పెట్టింది. పొద్దుగాల ఖిలా వరంగల్ పోయి కోటగోడకు ఎదురుగ ఊదేది. మొదట్ల మేకలు ఉరికినయి, తర్వాత అలవాటు పడ్డయి. కాపరి మాత్రం పడలే. ఊపిరి విద్య అబ్బింది. రెండు స్వరాలు ఎంత చేసినా రాలే; గొంతుల ముల్లు ఇరికిన కోడి లెక్క ఒక్కటే కీచు.

ఇంతల అక్క బిడ్డ, మా మేనకోడలు స్వప్న పెండ్లి. "మామా, వేరే బ్యాండ్ వస్తే నేను పీటల మీద కూసోను" అన్నది. మేనమామను కాబట్టి పిల్లను పీటల కాడికి తీసుకపోవాల్సింది కూడా నేనే. ముహూర్తం పొద్దున పది నలభైకి. "తమ్మీ, ఫంక్షన్ హాల్ గేటు కాడ ఒక్క పాటే. ఊది లోపటికి ఉరుకు" అని అక్క పదిసార్లు చెప్పింది. ఫికర్ చెయ్యకు అక్కా అన్న నేను.

మా మేళంల ఒక పద్ధతుంది. డోలు కొట్టే మల్లేశ్ నా దిక్కే చూస్తుంటడు. నేను ఊపిరికి ఆగితే వాడు దెబ్బ ముగిస్తడు, డ్యాన్స్ ఆగుతది, బరాత్ నాలుగడుగులు నడుస్తది. అంటే ఇరవై యేండ్లుగా ఎందరో పెండ్లికొడుకులు నా ఊపిరితిత్తుల మీదనే నడిచిండ్రు. ఈ సంగతి ఆ పొద్దు నాకు యాదికి రాలే.

గేటు ముందర కండ్లు మూసి సోలో ఎత్తుకున్న. నేను ఆగలే, మల్లేశ్ ఆగలే, పెండ్లికొడుకు దోస్తులు అసలే ఆగలే. ముప్పావు గంట ఊదిన. సరే, అరగంట. ఆఖరి మాట: పెండ్లి వీడియోల చూస్తే పన్నెండు నిమిషాలు.

లోపట అయ్యగారు మేనమామ రావాలె అని మైకుల నాలుగుసార్లు పిలిచిండట. బాత్రూంల దాకా దేవులాడిండ్రట. గుర్రం మీద పెండ్లికొడుకు, తను దిగి నడిచి పోవచ్చునా అని అడిగిండట. నాకేం ఇనవడుతది?

అక్క పట్టుచీరతోని గేటు కాడికొచ్చి "తమ్మీ" అన్నది. మెచ్చుకుంటాందనుకొని ఇంకింత పైకి ఎత్తుకున్న. ఇగ మల్లేశ్‌ను డోలు ఆపుమన్నది.

"అన్న ఊపిరి తీసుకోందే నేనెట్ల ఆపుతనక్కా?" అన్నడు ఆ మహానుభావుడు.

చిన్నప్పుడు నాకు ఆముదం తాపింది అక్కనే. అప్పుడేం చేసేదో ఇప్పుడూ అదే చేసింది. వచ్చి నా ముక్కు గట్టిగ పట్టుకున్నది.

కొత్త గాలికి తొవ్వ లేదు. బుగ్గల మిగిలిందంతా ఒక్కసారి గొట్టంలకు దునికింది. అప్పుడొచ్చినయి రెండు స్వరాలు. ఒకటి పైన, ఒకటి కింద, తేటగ, అన్నదమ్ముల లెక్క జంటగ. ఆరు నెలలు కోటగోడ కాడ ఏడ్చినా రానియి. గుర్రం సుత తలెత్తి చూసింది.

"అక్కా, వచ్చినయే" అన్న, కండ్లల్ల నీళ్లతోని.

"ముహూర్తం పోతాంది, నడువు" అని ముక్కు ఇడువకుండనే గుంజుకపోయింది.

మెడల సాక్సాఫోన్ ఉండంగనే పిల్లను తీసుకపోయి పీటల మీద కూసోబెట్టిన. పెండ్లికొడుకు సుత గుర్రం దిగి మా ఎనుకనే ఉరికొచ్చిండు. ముహూర్తానికి ఇంక ఒక్క నిమిషమే ఉండె. పెండ్లి ఫోటోలల్ల స్వప్న నవ్వుతున్నది పెండ్లికొడుకును చూసి కాదు, టమాట లెక్కయిన నా ముక్కును చూసి.

అందుకే కోటగోడ సాక్షిగ, ఆ మేకల సాక్షిగ ఒట్టు పెడుతున్న: బతికినన్ని రోజులు బరాత్ ముందర ముక్కుతోని గాలి పీల్చి ఊదను. మళ్లా ఆ రెండు స్వరాల మీద మనసైతే సాక్సాఫోన్ పట్టుకొని అక్క ఇంటికే పోత. అక్కకు డెబ్బై దాటింది గని, ముక్కు మీద పట్టు ఇంకా సడలలే.