సీజర్ గారి అంతిమయాత్ర, చలమయ్య గారి ఫ్లెక్సీ

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదండీ. నేను అదే తోక పట్టుకుని కృష్ణ ఈదబోయాను. నేను మునిగితే మునిగాను, నాతో పాటు నిక్షేపంలాంటి ఒక పెద్దమనిషిని కూడా ముంచేశాను. ఆ ముచ్చట ఇప్పుడు చెప్తాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేం పట్టింపు లేదు. ఉయ్యూరు ఊరంతా నవ్వి నవ్వి అలిసిపోయాక మీ నవ్వు నన్నేం చేస్తుంది?

మాది విజయవాడ వన్ టౌన్. నాన్నది శవపేటికల కొట్టు. చర్చిలో ఎవరైనా గట్టిగా దగ్గితే మా నాన్న జేబులో టేపు తడుముకుంటాడని జనం వెనకాల అనుకునేవాళ్ళు. డిగ్రీ అయిపోయి, ఆ కొట్లో కూర్చుని పెట్టెల పిడులకి పాలిష్ పెడుతున్న రోజుల్లో నాకొక సంగతి తెలిసింది. చెన్నైలో ఎవరో పెంపుడు జంతువుల అంత్యక్రియల్లో శిక్షణ ఇస్తున్నారట. పోయిన కుక్కనో పిల్లినో శుభ్రం చేయడం, మర్యాదగా దహనం చేయడం, బూడిద భద్రంగా ఇంటివాళ్ళ చేతిలో పెట్టడం, వాళ్ళని ఓదార్చడం, అన్నీ నేర్పుతారట.

"మనుషుల పెట్టెలు చేసే ఇంట్లో పుట్టి కుక్కల పాలిట పడతావా ఎస్తేరూ?" అన్నాడు నాన్న.

"మనుషులు పోతే చుట్టాలు కొట్టుకుంటారు నాన్నా. కుక్క పోతే కొట్టుకునేదెవరు? హాయిగా ఉంటుంది" అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. దేవుడు విని నోట్ చేసుకున్నాడు.

"సరే వెళ్ళు. సర్టిఫికెట్ తెస్తే కొట్టు పక్కగది నీకిస్తా, బోర్డు కూడా రాయిస్తా. తేకపోతే మళ్ళీ ఈ పాలిష్ గుడ్డే. ఇంక నోరెత్తకూడదు" అని నాన్న తేల్చేశాడు.

చెన్నైలో మా టీచరు లలితా మేడమ్. ఆవిడ గొంతు పక్క మనిషికి కూడా సగమే వినబడేది. ప్రాక్టీసుకి మాతో ఇసక మూటలకి అంత్యక్రియలు చేయించేది. నా ఇసక మూట పోయినప్పుడు నేను నిజంగానే ఏడ్చానండీ. ఆవిడ నా భుజం తట్టి "వెరీ గుడ్" అంది. పోయిన ప్రాణి కాలికి పేరున్న ఇత్తడి బిళ్ళ కట్టాలి, స్నానం దగ్గర్నుంచి బూడిద దాకా అడుగడుగునా ఆ బిళ్ళ చూసుకోవాలి, ఒకరి బూడిద ఇంకొకరికి ఇస్తే మహాపాపం అని నేర్పింది. అన్నిటికంటే పెద్ద సూత్రం ఇంకొకటుంది.

"కుక్క అనే మాట మీ నోట రాకూడదు. ఇంటివాళ్ళకి అది కుక్క కాదు, మనిషి. పేరుతో, గౌరవంగా చెప్పాలి" అంది మేడమ్.

గౌరవం అంటే నాకు నేర్పాలా? మేము ఆటో ఆపడానికి కూడా "ఆటోగారూ" అనే రకం. మర్నాటి నుంచే "టామీ గారు కాలం చేశారు" అనడం మొదలెట్టాను. మిగతావాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు.

చివరి పరీక్ష ఏమిటంటే, సొంత ఊళ్ళో మేడమ్ కళ్ళ ముందు ఒక నిజమైన అంత్యక్రియ నడిపించాలి. దానికి నిజంగా ఎవరో ఒకరు పోవాలి కదా. విజయవాడ వచ్చి, ముసలి కుక్కలున్న ఇళ్ళ గేట్ల దగ్గర నిలబడి "ఎలా ఉన్నారండీ, భోంచేస్తున్నారా?" అని పరామర్శించడం మొదలెట్టాను. పటమటలో ఒకావిడ చెప్పు తీసింది.

అలాంటప్పుడు ఉయ్యూరు నుంచి మా అమ్మ స్నేహితురాలు అన్నపూర్ణమ్మ గారు ఫోన్ చేశారు. వాళ్ళ సీజర్ పోయాడట. నాకు దుఃఖం రావాల్సిన చోట ఎగిరి గంతెయ్యాలనిపించింది. చెన్నైకి కబురు పెట్టి, బస్సెక్కాను. లలితా మేడమ్ రాత్రి రైలెక్కి పొద్దున్నకి వచ్చేస్తానంది.

అన్నపూర్ణమ్మ గారి భర్త చలమయ్య గారు చెరుకు రైతు, మాట పొదుపు. సీజర్ని ఆయన చిన్నపిల్లాడిలా పెంచారు. వాడి కోసం సొంత అన్ననే వదులుకున్నారు. అన్నగారు కోటయ్య గారిది అదే ఊళ్ళో అవతలి వీధి. ఒకనాడు ఆయన గుమ్మంలోకొస్తూ చూసుకోక సీజర్ తోక తొక్కితే, సీజర్ ఆయన పిక్క పట్టుకున్నాడట. తమ్ముడు కర్ర తీస్తాడనుకుంటే "నువ్వు వాడి తోక ఎందుకు తొక్కావన్నయ్యా?" అన్నారట. అంతే, కోటయ్య గారు కుంటుకుంటూ వెళ్ళినవారు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

"కుక్క మాట ముందు అన్న మాట తేలికైపోయిందని ఆయన బాధ. ఏళ్ళు గడిచిపోయినై. ఈయనా పిలవడు, ఆయనా రాడు" అన్నారు అన్నపూర్ణమ్మ గారు.

నేను సీజర్ గారికి స్నానం చేయించి, దువ్వి, బిళ్ళ కట్టి, మంచుగడ్డల మధ్య పడుకోబెట్టాను. అక్కడితో ఆగి ఉంటే ఈపాటికి నేనో గౌరవనీయురాలిని. కానీ మేడమ్ దగ్గర మెప్పు కావాలి. మా కృష్ణాజిల్లాలో అప్పుడే ఫ్లెక్సీలొచ్చాయి. పిల్లాడు టెన్త్ పాసైతే ఫ్లెక్సీ, గేదె ఈనితే ఫ్లెక్సీ. ఫ్లెక్సీ లేని చావు చావే కాదు. సీజర్ గారికి కూడా ఒకటి వేయిద్దామనుకున్నాను.

ఇంట్లో దొరికిన ఫొటో ఒక్కటే. అరుగు మీద కుర్చీలో చలమయ్య గారు, పక్కనే సీజర్. అది పట్టుకుని సెంటర్లో ఫ్లెక్సీ కొట్టుకెళ్ళాను. కొట్టతను మంగళగిరి నుంచి కొత్తగా వచ్చాడు, ఊళ్ళో ఎవర్నీ ఎరగడు.

"ఎవరి బొమ్మ ఉంచాలండీ?" అన్నాడు.

కుక్కది అని నాలిక చివరి దాకా వచ్చింది. మేడమ్ కళ్ళెర్రజేసినట్టనిపించి మింగేశాను.

"పోయినవారిది. సీజర్ గారిది" అన్నాను మెల్లిగా.

"క్రిస్టియన్సాండీ?"

"ఏ మతమూ లేదండీ. అందర్నీ ఒకేలా చూసేవారు."

"గొప్ప మనిషి. ఏం చేసేవారు?"

"గుమ్మంలోనే ఉండేవారు. రాత్రిళ్ళు నిద్రపోయేవారు కాదు. చిన్న చప్పుడైనా లేచిపోయేవారు."

"పెద్దతనంలో అంతేనండీ. మా నాన్న కూడా అంతే" అని నిట్టూర్చాడు. "పక్కన మిగిలింది కోసేస్తున్నా మరి."

"కోసెయ్యండి" అన్నాను. నేను చేతులారా అన్నానండీ ఆ మాట. నోరారా అనాలేమో, చెయ్యి కూడా ఊపాను.

అతను 'కన్నీటి నివాళి, నమ్మకానికి మారుపేరు, మా గుమ్మానికి అండ, మా సీజర్ ఇక లేరు, అంతిమయాత్ర చలమయ్య గారి ఇంటి నుంచి' అని రాసుకున్నాడు. పొద్దున్నే తన మనుషులే సెంటర్లో కట్టేస్తారన్నాడు. సీజర్ గారి కాలి బిళ్ళ గంటగంటకీ చూసుకున్న నేను, ఆ ఫ్లెక్సీ మొహం మాత్రం చూడలేదు.

పొద్దున్న లలితా మేడమ్ దిగింది. చలమయ్య గారు ఇంటి వెనక చేలో కట్టెలు పేర్పిస్తున్నారు. పందిట్లో సీజర్ గారు తెల్లగుడ్డ కింద ప్రశాంతంగా ఉన్నారు. ఫోన్ మోగింది. అన్నపూర్ణమ్మ గారు ఎత్తారు.

"అవును వదినా, నిన్న మధ్యాహ్నం పోయాడు. రెండ్రోజుల్నించీ మెతుకు ముట్టలేదు వెధవ. నా కాళ్ళ దగ్గరే పడుకుని, అలా చూస్తూ చూస్తూ..."

అవతల వదినగారు గుండె పట్టుకుని ఉంటారు. మొగుణ్ణి 'వాడు' అనడమే కాక 'వెధవ' అని కూడా అంటోంది, పాపం దుఃఖంలో మతి పోయింది అనుకున్నారని తర్వాత తెలిసింది.

ఇక జనం మొదలు. దండలు పట్టుకుని చెరుకు బండ్లవాళ్ళొచ్చారు. వీధివాళ్ళొచ్చారు. ఎవరో డప్పులు కూడా పిలిపించారు. ఫ్లెక్సీ మీద అక్షరాలు చదివేవాళ్ళు మా జిల్లాలో ఇంకా పుట్టలేదండీ, అందరూ బొమ్మ చూసి వచ్చేస్తారు. చదివిన ఒకరిద్దరూ సీజర్ అంటే ఇంట్లో ముద్దుపేరేమో అనుకున్నారట. చావింట్లో 'ఎవరు పోయారండీ' అని అడిగే మర్యాదతక్కువ మనిషి ఎవరుంటారు?

"ఒక్క సీజర్ కోసం ఇంతమందా?" అంది మేడమ్, ఆవిడ గొంతు మొదటిసారి పూర్తిగా వినబడింది.

"మావాళ్ళకి ప్రేమెక్కువ మేడమ్" అన్నాను గర్వంగా. పక్కగది, బోర్డు, బోర్డు మీద నా పేరు కళ్ళకి కట్టాయి.

అరుగు మీద ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. "చూశావా, బొట్టు కూడా తీయలేదు పిచ్చితల్లి." "బొట్టుదేముంది, పొయ్యి వెలిగించింది. కాఫీ ఇస్తోంది. పంచదార సరిపోయిందా అని అడిగింది నన్ను." అని ఒకావిడ కాఫీ తాగుతూనే కళ్ళొత్తుకుంది.

అంతలో వీధిలో కేక వినబడింది. కోటయ్య గారు. చెప్పులు లేవు, కండువా ఎక్కడో పడిపోయింది. ఏళ్ళ తరబడి తొక్కని గుమ్మం తొక్కేసి, తిన్నగా పందిట్లోకొచ్చి తెల్లగుడ్డ పక్కన కూలబడ్డారు.

"ఒరే చలమయ్యా, నేనే ముందు పలకరించాల్సిందిరా. పిక్కదేముందిరా, మానిపోయింది. పెద్దాణ్ణి, నాకు బుద్ధి లేదు" అని ఏడుస్తున్నారు. ఏడుస్తూ గుడ్డ మీద చెయ్యి వేసి తడిమారు. "ఇంత చిక్కిపోయావేంరా తమ్ముడూ. ఇంత చిన్నగా అయిపోయావేంరా."

అప్పుడు నాకు విషయం తట్టింది. లేచి ఆపేలోపే ఆయన గుడ్డ తీశారు.

సీజర్ గారు, కోటయ్య గారు, చాలా ఏళ్ళ తర్వాత ఎదురెదురుగా. డప్పులు ఆగిపోయాయి.

"వీడా?" అన్నారు కోటయ్య గారు.

సరిగ్గా అప్పుడు పెరటి వైపు నుంచి చలమయ్య గారు తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చారు. ఒకావిడ కాఫీ గ్లాసు జారవిడిచింది.

"నువ్వు... నువ్వు పోలేదా?" అన్నారు కోటయ్య గారు.

"ఎక్కడికన్నయ్యా?" అన్నారు చలమయ్య గారు.

"సెంటర్లో నీ బొమ్మ కట్టారు కదరా, మొహం చుట్టూ వెలుగు పెట్టి."

ఊరంతా నా వైపు తిరిగింది. నేను శిక్షణలో నేర్పినట్టే మెత్తని గొంతుతో "పోయినవారి బొమ్మ ఉంచమన్నానండీ" అన్నాను. అతి వినయం ధూర్త లక్షణం అంటారు, నా అతి వినయం మాత్రం శవ లక్షణానికి దారి తీసింది. ఎవరో వెళ్ళి ఫ్లెక్సీ విప్పుకొచ్చారు. దాన్ని చూశాక పాలిష్ గుడ్డ వాసన నాకు ఉయ్యూరు దాకా కొట్టింది.

కోటయ్య గారు లేచి, తమ్ముణ్ణి ఒక్కటి పీకుతారనుకున్నాను. పీకారు కూడా, వీపు మీద. ఆ పీకిన చెయ్యి మళ్ళీ తీయలేదు. ఇద్దరూ అలాగే నిలబడి ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది, ఈసారి ఇసక మూట కోసం కాదు.

"వచ్చిన జనం వచ్చారు, డప్పులూ వచ్చాయి. ఉత్తినే పంపితే బాగోదు. పట్టండర్రా" అని కోటయ్య గారే పాడెకి ముందు కొస పట్టుకున్నారు. ఆ సీజర్ గారికి జరిగినంత ఘనంగా ఉయ్యూరులో మనుషులకి కూడా జరగలేదు.

అంతా అయ్యాక లలితా మేడమ్ చలమయ్య గారి ముందు కూర్చుంది. మొహంలో ఏమీ కనబడలేదు.

"ఇంటివారిగా చెప్పండి. ఈ అమ్మాయి పనితో తృప్తిగా ఉన్నారా?"

ఆయన అన్నగారి వైపు చూశారు.

"నా చావుకి ఎవరెవరొస్తారో బతికుండగానే చూపించిందమ్మా. రాడనుకున్నవాడు చెప్పుల్లేకుండా వచ్చాడు. ఇంకేం కావాలి?" అన్నారు.

సర్టిఫికెట్ వచ్చింది. మేడమ్ ఇప్పుడు కొత్తవాళ్ళకి బొమ్మ చూసుకోకుండా ఫ్లెక్సీ కట్టించకూడదని ఇంకో సూత్రం కూడా చెప్తుందట, దాని పేరు ఉయ్యూరు సూత్రం అట. ఫ్లెక్సీ చింపి పారేద్దామని నేను చెయ్యి చాచితే చలమయ్య గారు లాక్కున్నారు.

"బొమ్మ బాగా కుదిరింది. ఎప్పటికైనా పనికొచ్చేదే కదా" అని చుట్ట చుట్టి అటకెక్కించారు. ఆయన ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నారు. నేను కనబడితే చాలు, "నీ ఫ్లెక్సీ ఎదురు చూస్తోందమ్మా, నాకే తీరిక దొరకడం లేదు" అంటారు.

కాబట్టి, వన్ టౌన్ శవపేటికల కొట్టు పక్కగది సాక్షిగా, ఎస్తేరు అను నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇంటివాళ్ళ ముందు ఎంత గౌరవమైనా ఇస్తాను, గారు మీద గారు పెడతాను. కానీ ఫ్లెక్సీ కొట్టులో మాత్రం కుక్కని కుక్కనే అంటాను.