రుమాలు మావయ్య జనరేటరు

జనరేటర్లు తయారుచేసే ఆ చిన్న కార్ఖానాలో అందరూ ఆయన్ని రుమాలు మావయ్య అనేవారు. ఇంజను పొగగొట్టం ముందు తెల్ల రుమాలు పట్టి, దానికంటిన మసిని బట్టి ఇంజను గుణం చెప్పడం ఆయన పద్ధతి. ఆ రుమాళ్లు ఉతికే భాగ్యం మాత్రం భార్యది. పొగ తగ్గించాలని ఆయన ఇన్నేళ్లు పాటుపడింది లోకం కోసమని కార్ఖానావాళ్లు అనుకునేవారు. భార్య సణుగుడు పడలేకనని ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఎట్టకేలకు ఒక ఇంజను కుదిరింది. ఒక్క దీపం వెలిగితే ఆ దీపానికి సరిపడా నెమ్మదిగా తిరుగుతుంది. ఫ్రిజ్ కూడా అందుకుంటే కాస్త వేగం పెంచుకుంటుంది. పెట్రోలు సగం చాలు. రుమాలుకు మచ్చ పడదు. చప్పుడంటారా, పక్కగదిలో ఎవరో గురక పెట్టినంత. కరెంటు పోతే దానంతటదే మొదలవుతుంది.

యజమాని పెదవి విరిచాడు. డుగడుగలాడకపోతే కొన్నవాడికి కొన్నట్టేం ఉంటుందని ఆయన అనుమానం. ముందు మీ ఇంట్లో బిగించి చూపించు, నచ్చితే తయారీకి దిగుదాం, లేదంటే అటకెక్కించేద్దాం అని తేల్చేశాడు.

మావయ్య ఇంట్లో ఉన్న పాత జనరేటరు పీకేసి, కొత్తదాన్ని బాల్కనీలో పెట్టాడు. పాతదాంతోపాటు ఇంట్లోంచి ఇంకేం పోయిందో ఆయనకు తట్టలేదు.

ఆ ఇంటికో అలవాటుంది. పాతది మొదలైతే చెవిలో అరిచినా వినపడేది కాదు. అందుకని ముఖాన అనలేని మాటలన్నీ అప్పుడే పైకి అనేసేవారు. భార్య గిన్నెలు తోముతూ అత్తగారిని, ఆ పెద్దావిడ ఉల్లిపాయలు తరుగుతూ కోడలిని, మావయ్య పేపరు వెనక యజమానిని. కరెంటు వచ్చేసరికి ముగ్గురికీ గుండె తేలికయ్యేది. గొడవలు లేని ఇల్లని వీధిలో మంచి పేరు కూడా ఉంది.

యజమాని వచ్చిన సాయంత్రం, రోజూ పోయే కరెంటు పోదే! మావయ్య మెయిన్ ఆపుతానంటే, దానంతటది పోతేనే పరీక్ష అని ఆయన పట్టుబట్టాడు. రెండు టీలయ్యాయి. మాటలూ అయిపోయాయి. ఇక లాభం లేదని లేచి, ఒక కాలు చెప్పులో పెట్టాడు.

అప్పుడు పోయింది.

రెప్పపాటు చీకటి, మళ్లీ వెలుగు. ఆ రెప్పపాటు చాలు, ముగ్గురి నోళ్లూ అలవాటుగా తెరుచుకున్నాయి.

"డాక్టరు పంచదార వద్దంటే, ఈవిడ డబ్బా దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది," అంది భార్య వంటింట్లోంచి.

"దీని చేతి టీ తాగినవాడు మళ్లీ ఈ గడప తొక్కితే ఒట్టు," అంది పెద్దావిడ.

"ఇంత మంచి ఇంజను ఈ పిసినారి మొహానికేం తెలుస్తుంది," అన్నాడు మావయ్య, యజమాని కళ్లలోకి ఎంతో మర్యాదగా చూస్తూ.

మాట నోరు దాటాక గానీ చప్పుడు లేదన్న సంగతి ఎవరి బుర్రకూ ఎక్కలేదు. ముగ్గురూ ఆశగా బాల్కనీ వైపు చూశారు. ఇంజను సన్నగా గురక పెడుతూనే ఉంది. ఎవర్నీ ఆదుకోలేదు.

మావయ్యకు తన కష్టమంతా అటకెక్కుతున్నట్టే కనిపించింది. యజమాని చెప్పు విడిచి ఇంజను దగ్గరకు వెళ్లాడు. ఇస్త్రీపెట్టె పెట్టమన్నాడు, తీయమన్నాడు. ఇంజను కాస్త పుంజుకుని, మళ్లీ మెల్లగా సర్దుకుంది.

"ఒక్క ముక్క పోకుండా వినపడిందయ్యా," అన్నాడు చివరికి. "ఇంతకన్నా పరీక్షేముంది? రేపే మొదలుపెట్టు."

గుమ్మం దాటబోతూ యజమాని ఆగి, మావయ్యను పక్కకు పిలిచాడు.

"మా ఇంట్లో మాత్రం పాతదే ఉండనీ. మా ఆవిడకీ నాకూ దాంతోనే పొసగుతోంది."

ఆయన్ని సాగనంపి మావయ్య తలుపు వేశాడు. వంటింటి గుమ్మం దగ్గర అత్తాకోడళ్లు చెరోవైపు చూస్తూ నిలబడి ఉన్నారు. కరెంటు ఇంకా రాలేదు.