తలూపిన పూట

మా ఆయనకి ఈ వేట పిచ్చి ఎక్కడ పట్టుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చిన్నప్పుడు ఉండేలు మెళ్లో వేసుకుని ఊరంతా తిరిగి ఒక్క పిట్టనైనా కొట్టలేదని మా అత్తగారే చెప్పింది. అలాంటి మనిషి ఒక సాయంత్రం అన్నంలో పప్పు కలుపుకుంటూ, హాలోవీన్ సెలవులకి పిల్లని తీసుకుని మూడు రోజులు వేటకి పోదామన్నాడు. పార్కుకి పోదాం అన్నంత తేలిగ్గా అన్నాడు. 

పిలిచింది ఒక ఐరిష్ పెద్దాయన. కార్క్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో మా ఆయనతో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయాక అత్లోన్ అవతల తన సొంత పొలానికి వెళ్లిపోయాడు. అక్కడ కాస్త గట్టు నేల, మిగతాదంతా బోగ్. చూడ్డానికి గడ్డి మైదానంలా ఉంటుంది గానీ అడుగేస్తే కాలు మడమ దాకా దిగుతుంది. అందులో కుందేళ్లు, ఫెజంట్లు. ఫెజంటంటే కోడికీ నెమలికీ మధ్యరకం పిట్ట, పొడుగు తోక. తుపాకీ లైసెన్సు పెద్దాయన ఒక్కడికే ఉంది. మేం ఊరికే పక్కన నడుస్తూ పొదలు కదపడానికి.

పదకొండేళ్ల పిల్లని తుపాకీ పేలే చోటికి తీసుకెళ్లడమేంటని నేను రెండు వారాలు పోరాను. మా ఆయన ప్రతిసారీ ఒకటే మాట, గ్రాండ్ అని, అంటే ఏం ఫరవాలేదని. ఈ దేశం వచ్చి నేర్చుకున్నది అదొక్కటి. ఇల్లు కారినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. పిల్లేమో అప్పటికే క్లాసులో అందరికీ చెప్పేసుకుంది. చివరికి నేనూ వస్తానన్నాను. వేట మీద మోజుతో కాదు, పిల్లని కనిపెట్టుకుని ఉండాలని. అదొక్కటే నా పని అనుకుని బయల్దేరాను.

ఇక్కడ నా తల సంగతి చెప్పాలి. మనవాళ్లందరి తలలాంటిదే, అవునంటే అటూ ఇటూ ఊగుతుంది. ఆఫీసు వీడియో మీటింగుల్లో మా మేనేజరు ఏదో అడగడం, నేను తలూపడం, అది ఒప్పుకున్నట్టా కాదన్నట్టా అని ఆవిడ మళ్లీ అడగడం, అందరూ నవ్వడం. మా పిల్లకి ఇది పెద్ద తలవంపు. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ కార్క్ యాసలో. నన్ను మామ్ అంటుంది. మొదట్లో ఫోన్లో విని మా అమ్మ, పిల్ల ఏ మామని పిలుస్తోందే అని కంగారుపడింది. ఒకసారి స్కూల్లో టీచరు, అమ్మాయి చదువు మీకు తృప్తిగా ఉందా అని అడిగితే నేను తలూపాను. ఆవిడ మొహం చిన్నబోయింది. బయటికొచ్చాక మా పిల్ల, అవునంటే నోటితో అవునను మామ్, తల జోలికి పోకు అని నాకు క్లాసు పీకింది.

ఇంకోటి కూడా ఉంది. కార్క్ దాటి గంట కూడా కాలేదు, పెద్దాయన ఎక్కడున్నారని ఫోన్ చేస్తే మా ఆయన వచ్చేశాం, వచ్చేశాం అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడు గానీ మనసులో ఉన్నది మన వచ్చేశామే. పాపం ఆయన భోజనం వడ్డించి పెట్టుకున్నాడు. మేం చేరేసరికి బంగాళదుంపలు రాళ్లయ్యాయి. మా పిల్లే సర్దిచెప్పింది, వీళ్లు వచ్చేశాం అంటే ఇంట్లోంచి బయల్దేరామని అర్థమని. పెద్దాయన విరగబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో నిలబెట్టి మాకు రూల్స్ చెప్పాడు. తుపాకీకి ముందు ఎవరూ నడవకూడదు. అరవకూడదు, అరిస్తే మైలు దూరం దాకా ఒక్క పిట్ట మిగలదు. ఏదైనా చేతులతోనే. చెయ్యి పైకెత్తితే ఆగాలి. అరచెయ్యి నేలవైపు పెట్టి కిందికి నొక్కినట్టు ఆడిస్తే, ఉన్నచోటే ఉన్నపాటున పడుకోవాలి, ఎందుకని అడక్కూడదు, లెమ్మనేదాకా లేవకూడదు. పిల్లచేత తడిగడ్డిలో మూడుసార్లు చేయించాడట. నేను అప్పుడు కారు డిక్కీలో తల దూర్చి దాని పసుపుపచ్చ జాకెట్ వెతుకుతున్నాను, అదే, సైకిల్ తొక్కేటప్పుడు వేసుకునే మెరిసే జాకెట్. సగం విన్నాను, సగం వినలేదు.

మొదటి రోజు ఒక ఫెజంటు, రెండు కుందేళ్లు పడ్డాయి. తుపాకీ పేలిన ప్రతిసారీ అందరూ పిట్ట వైపు చూస్తే నేను పిల్ల వైపు చూసేదాన్ని. పక్కనే ఉన్నా చెయ్యేసి తడిమి చూసుకునేదాన్ని. ఒకసారి అది నాలుగడుగులు ముందుకేసిందని గట్టిగా కేకేశాను. అంతే, అందకుండా ఒక ఫెజంటు లేచిపోయింది. పెద్దాయన తుపాకీ దించి ముందుకి నడిచాడు. మా ఆయన మాత్రం, ఇంత భయమైతే ఇంట్లో కూర్చోవచ్చుగా అని పళ్ల మధ్య నుంచి అన్నాడు. అది నాకు గుచ్చుకుంది. రాత్రికి నా మసాలా డబ్బా తీసి కుందేలు కూర చేశాను. పెద్దాయన బ్రెడ్డులో నంజుకుని తిని, చెమటలు తుడుచుకుంటూ గ్రాండ్ అన్నాడు.

రెండో రోజంతా వాన. మూడో రోజు పొద్దున తెరిపిచ్చింది. మధ్యాహ్నానికి కార్క్ బయల్దేరాలి గనక ఒక్క పొలం చూసొద్దామన్నారు. పసుపు జాకెట్ వేసుకుంటే స్కూలు పిల్లల్ని రోడ్డు దాటించే మనిషిలా ఉన్నానని మా పిల్ల దాన్ని కారు సీట్లో పారేసింది. ఆకుపచ్చ కోటు మీదే వచ్చేసింది. నేను చూశాను. ఒక్క పొలమేగా, పొద్దున్నే గొడవెందుకని ఊరుకున్నాను.

ఆ పొలం మధ్యలో నిలువునా మనిషెత్తు ముళ్లపొదల కంచె, ఆ చివర జమ్ము దుబ్బు. జమ్ము నా గడ్డం ఎత్తున, పిల్ల మునిగేంత. కంచెకి అటువైపు పెద్దాయన తుపాకీతో, కుక్కతో. ఆయనకి అవతల మా ఆయన. ఇటువైపు నేనూ పిల్లా. నా పక్కనే నడవమని దానికి పదిసార్లు చెప్పాను. నడుస్తుండగా నా బూటు బురదలో దిగబడింది. వంగి రెండు చేతులతో లాక్కుని తలెత్తేసరికి పిల్ల పక్కన లేదు. ముప్ఫై అడుగుల ముందు, జమ్ము అంచున నిలబడి ఉంది. కంచె ఆగిపోయేది సరిగ్గా అక్కడే. ఇంకో నిమిషంలో తుపాకీ అక్కడికే తేలుతుంది.

అరవాల్సింది. ఇప్పటికీ అంట్లు తోముతున్నప్పుడు గుర్తొచ్చి, అరవాల్సింది కదే అని నన్ను నేనే తిట్టుకుంటాను. మొదటిరోజు మాట గుచ్చుకుని ఉంది కదా, అరవలేదు. అదృష్టం కొద్దీ పిల్ల వెనక్కి చూసింది. చెయ్యెత్తి పిలిచాను. మనం ఎలా పిలుస్తాం? అరచెయ్యి కిందికి పెట్టి నాలుగు వేళ్లూ లాగినట్టు, ఇటు రా, ఇటు రా అని. తొందర కొద్దీ గబగబా ఆడించాను. పిల్ల నా చెయ్యి చూసింది, తలాడించింది, వెంటనే జమ్ములో దూరిపోయింది. జమ్ము కదిలింది. అడ్డదారిన నా దగ్గరికి వస్తోందనుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను.

అంతలో పెద్దాయన కంచె చివర తేలాడు. ఆయనకీ నాకూ మధ్య ఒక ఇంటి వాకిలంత దూరం. కుక్క జమ్ము వైపు మూతి పెట్టి బిగుసుకుపోయింది. జమ్ము అంచున ఒక కుందేలు, చెవులు నిక్కించి కదలకుండా కూర్చుని ఉంది. ఆయన తుపాకీ భుజానికెత్తాడు. ఎత్తినవాడు ఆగి, నా వైపు తిరిగాడు. ఒక చెయ్యి వదిలి తన ఛాతీ ఎత్తున గాల్లో పెట్టి, నా వెనక్కి వేలు చూపించాడు. పిల్ల నీ దగ్గరుందా అని.

వచ్చేస్తోంది కదా. మన లెక్కలో వచ్చేసినట్టే కదా. ఇంకోసారి ఆయన వేట చెడగొట్టకూడదు కూడా. నేను తలూపాను. అవును, వచ్చేసింది, కానివ్వండి అని.

పెద్దాయన నా మొహంలోకి అలాగే చూశాడు. తర్వాత తుపాకీ దించాడు. మధ్యలో విరిచినట్టు గొట్టం వంచాడు. రెండు తూటాలూ తీసి జేబులో వేసుకున్నాడు. కుందేలు ఒక్క గెంతు గెంతి గట్టు కింద బొరియలోకి పోయింది. నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు చిరాకేసింది. ఇంతా చేసి వదిలేశాడేంటి ఈయన అనుకున్నాను.

అప్పుడు జమ్ములోంచి గొంతు వినిపించింది. “మామ్, ఇంక లేవచ్చా?”

కుందేలు కూర్చున్న చోటుకి వెనకాల, రెండు బారల దూరంలో, జమ్ము విడదీసుకుని మా పిల్ల లేచింది. మొహం నిండా బురద. కదలకుండా ఉన్నందుకు దాని కళ్లలో గర్వం. నేను ఎలా పరిగెత్తానో నాకు తెలీదు, పరుగులో ఆ బూటు మళ్లీ బురదలో ఊడిపోయింది. దాన్ని పట్టుకుని ముందు నోటికొచ్చినట్టు తిట్టాను. రమ్మంటే పడుకుంటావా, నీకు బుద్ధుందా, చెవులున్నాయా అని. అది బిక్కమొహం వేసింది. నేనే పడుకోమన్నానంది. ఎప్పుడన్నానే అంటే, తన చిన్న చెయ్యి అరచేయి కిందికి తిప్పి, నేను ఆడించినట్టే గబగబా ఆడించి చూపించింది. మొదటిరోజు తడిగడ్డిలో నేర్చుకున్న పాఠం. అడక్కుండా పడుకుంది, లెమ్మనేదాకా లేవలేదు. అది చెప్పినట్టే విన్నది. ఆ బురదలోనే కూలబడి దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను.

మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి ఏమైందన్నాడు. పిల్ల జమ్ములో ఉంది, ఆయన కాల్చలేదు, అంతవరకే చెప్పాను. ఏం కాలేదుగా, గ్రాండ్ అన్నాడు. చేతిలో ఫ్లాస్కుంటే ఆయన నెత్తి మీద పగిలేది.

ఇంటికొచ్చాక పెద్దాయన తుపాకీ ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. మా ఆయనా పిల్లా బయట సామాను సర్దుతున్నారు. నేను వంటింట్లో వేడి కప్పు పట్టుకుని కూర్చున్నాను. ఆయన తన కప్పు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు.

“ఇందాక నువ్వు తలూపావు. అది అవునో కాదో నాకు తెలీలేదు. తెలియకపోతే కాల్చకూడదు, మా నాన్న నేర్పింది అదే. ఇంతకీ ఏంటది?”

కాదన్నానని చెప్పొచ్చు. ఎవరికీ తెలీదు. ఆయన ప్రాణం కూడా కుదుటపడేది. పిల్ల చెప్పినట్టు, తల జోలికి పోకుండా నోటితోనే అన్నాను.

“అవును.”

ఆయన కప్పు పక్కకి పెట్టేశాడు. మొహంలో నెత్తురు లేదు. పెద్దవాడు, పాపం, నా వైపు చూళ్లేక కిటికీలోంచి బయట పిల్ల వైపు చూశాడు. మా వాళ్లలా కిందికీ పైకీ ఊపి ఉంటే పేల్చేసేవాణ్ణి అన్నాడు. ఇన్నేళ్లు అందరూ నవ్విన తల అది, నేను మానేద్దామని అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేసిన తల.

మా ఆయనకి ఈ సంగతి ఇవాళ్టికీ చెప్పలేదు. పిల్లకీ తెలీదు.

బయట కారు దగ్గర్నుంచి పిల్ల మామ్ అని పిలిచింది. కదలకుండానే, అలవాటు కొద్దీ, వచ్చేశా అని అరవబోయాను. మాట పెదవుల దాకా వచ్చి ఆగింది. లేచాను. ఒక కాలికి పెద్దాయన ఇచ్చిన పాత బూటు, ఒక కాలికి నాది. వాకిలి దాటి, కారు దాకా నడిచి, దాని భుజం మీద చెయ్యేశాను. అప్పుడు చెప్పాను, వచ్చాను అని.