మడతలో పోయిన బండ

ఆ రోజుల్లో నోటుపుస్తకానికి అట్ట వేసుకోవడం చిన్న సంగతి కాదు. ఉన్నవాళ్ళు ఖాకీ కాగితం కొనేవాళ్ళు, లేనివాళ్ళు పాత దినపత్రికతో సరిపెట్టుకునేవాళ్ళు. మేము మాత్రం రెండింటికీ అందని మహారాజులం. మా నాయన నంద్యాలలో మిషన్ బడి పంతులు. ఆ బడిలో పనిచేసి తన దేశానికి వెళ్ళిపోయిన ఒక దొరసాని పాత అమెరికా పత్రికలు ఒక పెట్టెడు వదిలిపోయింది. వేసవి సెలవులు అయిపోగానే నాయన బ్లేడు పట్టుకుని కూర్చుని, నున్నటి రంగుల కాగితాలను కోసి మా పుస్తకాలకు అట్టలు వేసేవాడు. (పంతులు పిల్లలకు దక్కిన భోగం అదొక్కటే. మిగతావన్నీ నీతివాక్యాలు.) ఆరో తరగతిలో ఒక పెద్ద కాగితాన్ని నిలువునా రెండుగా కోసి, ఎడమ సగం నా సోషల్ పుస్తకానికి, కుడి సగం తమ్ముడి లెక్కల పుస్తకానికి వేశాడు. నా జీవితంలో జరిగిన రచ్చకంతా ఆ బ్లేడే కారణం.

నా సగంలో పైన ముగ్గురు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని నవ్వుతున్నారు. నడిమి ఆయనకు గుబురు మీసాలు. కింద వాళ్ళ కారు. ఎర్రగా, వెదురుగడలా పొడుగ్గా ఉంది. ముందర సైకిలు చక్రాల్లాంటి చిన్న చక్రాలు, వెనక ట్రాక్టరు చక్రాల్లాంటివి. ఆ కారు వెనక నుంచి నాలుగైదు తాళ్ళు బిగుసుకుని, కాగితం అంచు దాకా పోయి తెగిపోయాయి. వాళ్ళ పేరు కూడా సగం తమ్ముడి వైపే పోయింది. మిగిలిన ఇంగ్లీషులో నేను కూడబలుక్కోగలిగింది రెండు మాటలే: డ్రాగ్ రేస్. నాయన నిఘంటువు తీసి చూశాను. మొదటి మాటకు లాగుట, ఈడ్చుట అని ఉంది. రెండో మాటకు పందెం. లాగుడు పందెం! మా జిల్లాలో పుట్టిన పిల్లకు ఇంక వేరే అర్థం ఎందుకు తోస్తుంది? తిరునాళ్ళలో ఎద్దుల జత గొలుసుతో బండను లాగుతుంది. అమెరికాలో ఎద్దులు లేవు కాబట్టి కారుతో లాగుతారు. బండ కాగితం అవతల ఉంది, అంతే.

ఆ ముగ్గురూ ఆ రోజు నుంచి మా వాళ్ళైపోయారు. పుస్తకం మారినా అట్ట మారలేదు. పరీక్షకు పోయే ముందు స్నేహితురాళ్ళంతా ప్రార్థన చేసుకుంటే, నేను ప్రార్థన చేసుకుని, ఆపైన మీసాలాయనకు కూడా ఒక మాట చెప్పుకునేదాన్ని. ఆడపిల్లకు బండలాగుడు పిచ్చేమిటని మా మేనత్త అంటే, "మా వాళ్ళది బండలాగుడు కాదత్తా, అమెరికా బండలాగుడు" అని ఎగిరిపడేదాన్ని.

చదువైపోయి, ఎనభైల మొదట్లో, ఆళ్ళగడ్డ దగ్గర ఒక బడిలో సోషల్ టీచరుగా చేరాను. అమెరికా పాఠం చెప్పే రోజు రానే వచ్చింది. పత్తి, గోధుమ, పెద్ద సరస్సులు పది నిమిషాల్లో ముగించి, మిగిలిన అరగంటా మా వాళ్ళ గురించి చెప్పాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఆ బడి డ్రిల్లు సారు ఇంట్లో ఉన్నది ఆ చుట్టుపక్కల ఓటమి ఎరగని ఎద్దుల జత. ఆయన నోటికీ ఓటమి లేదు. సాయంత్రానికి స్టాఫ్ రూముకు వచ్చాడు.

"ఏం టీచర్, అమెరికాలో గూడా బండ గుంజుతారంట? పిల్లోళ్ళు చెప్తాండారు."

"అవును సార్. కారుతో."

"యాడన్నా ఉందా ఈ మాట! కారు గుంజుతాదా? బండ ఎంతుంటాది?"

పదేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నాకూ తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఆయన మూతి పక్కన ఒక నవ్వు ఉంది. అది చూసి నాకు ఒళ్ళు మండింది. "మీ బండకు రెండింతలు" అన్నాను.

మరుసటి రోజుకు ఆ మాట ఊరంతా పాకింది. డ్రిల్లు సారు నాయన, పందేలు జరిపించే పెద్దాయన, కబురంపాడు: వచ్చే ఆదివారం తిరునాళ్ళ పందేనికి టీచరమ్మ ఆ పటం తెచ్చి మైకులో చూపించాల, నిజమైతే మా ఎద్దుల దండ ఆ పటానికే వేస్తాం. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "చూపించమ్మా. లేకుంటే అబద్ధం చెప్పినానని పిల్లల ముందర ఒప్పుకో. రెండిట్లో ఒకటి చేయకపోతే రేపటి నుంచి నువ్వు చెప్పే పాఠం ఎవురూ నమ్మరు" అన్నాడు. అదే నా భయం కూడా. అక్బరు గురించి చెప్పినా, "ఇది గూడా బండేనా టీచర్?" అంటారు.

శనివారం బస్సెక్కి నంద్యాల వచ్చి, ట్రంకు పెట్టెలు బోర్లించాను. నాయన ఏదీ పారేసే మనిషి కాదు. తమ్ముడి లెక్కల పుస్తకం దొరికింది. (లెక్కలన్నీ తప్పులే.) అట్ట విప్పి, ఇన్నేళ్ళూ పుస్తకం లోపలికి మడిచి ఉన్న భాగాన్ని తెరిచి, నా సగం పక్కన పెట్టాను. తాళ్ళు సరిగ్గా కలిశాయి. ఆ తాళ్ళ చివర బండ లేదు. గాలికి ఉబ్బిన పెద్ద గుడ్డ ఉంది.

నాయన కళ్ళద్దాలు పెట్టుకుని కింది వాక్యాలు మొత్తం చదివాడు. "పాపా, ఈళ్ళు ఏమీ గుంజరు. ఉత్తగా ఉరుకుతారంతే. ఆ ఉరుకుడు ఎంతుంటాదంటే, బ్రేకు ఒగటే సాలదంట. నిలిపేదానికి ఆ గుడ్డ గొడుగు" అన్నాడు.

పదేళ్ళ పెళ్ళి కాపురంలో మొగుడి అసలు పేరు అప్పుడే తెలిసినట్టు అయింది నాకు. అన్నం సయించలేదు. తమ్ముడు మెల్లగా దగ్గరికి వచ్చి, "నీ సగమే ఎత్తకపో అక్కా. తాళ్ళు కనపడతాండాయి గదా, ఎవురికి తెలుస్తాది?" అన్నాడు. నిజం చెప్తాను, ఆ మాట నాకు నచ్చింది. రెండు సగాలూ సంచిలో పెట్టుకున్నాను గానీ, ఏది తీస్తానో మైకు ముందర నిలబడే దాకా నాకే తెలియదు.

ఆదివారం ఎండ చుర్రుమంటోంది. చుట్టూ జనం. ముందు వరసలో నా ఆరో తరగతి పిల్లలు. మైకు దగ్గర నిలబడి నా సగం తీసి ఎత్తి చూపించాను. "గొలుసు! గొలుసు!" అని కేకలు, ఈలలు. డ్రిల్లు సారు మొహం మాడిపోయింది. అక్కడితో ఆగి ఉంటే గెలిచేదాన్నే. కానీ పెద్దాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, పటం మీదికి వంగి, చిన్నపిల్లాడిలా అడిగాడు: "బండ యాడుందమ్మా? ఎట్లుంటాదో సూడాలని నాకు శానా ఆశగా ఉండాది."

అంత మర్యాదగా అడిగిన మనిషికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. రెండో సగం తీశాను. "బండ లేదు పెద్దాయనా. నేను తప్పు చెప్పినాను. ఇది గుడ్డ" అన్నాను, మైకులోనే.

నవ్వులు పైకి లేచాయి. డ్రిల్లు సారైతే పొట్ట పట్టుకున్నాడు. అప్పుడు నాలో ఏదో తిరగబడింది. మైకు గట్టిగా పట్టుకుని అరిచాను: "తప్పు నాది! మా వాళ్ళది కాదు! మీ ఎద్దులు కదలని దాన్ని కదిలిస్తాయి. మా వాళ్ళు ఆగని దాన్ని ఆపుతారు. ఏది కష్టమో మీరే చెప్పండి!"

పెద్దాయన కాసేపు గుడ్డను చూశాడు, కాసేపు కొడుకును చూశాడు. "ఆగనిదాన్ని ఆపేదే కష్టమమ్మా. ఈ నాకొడుకు నోరు ముప్పై ఏండ్లుగా నిలపలేక సస్తాండా" అన్నాడు.

ఈసారి నవ్వు డ్రిల్లు సారు మీదికి మళ్ళింది. పెద్దాయన ఎద్దు మెడలోని దండ తీసి పటం మీదికి తెచ్చాడు. "వద్దు పెద్దాయనా, వాళ్ళు బతికే ఉన్నారు, పటానికి దండ వేయకండి!" అని నేను అడ్డం పడితే, నిజమే సుమా అనుకుని నా చేతిలో పెట్టాడు. పేడ వాసన, బంతిపూల వాసన కలిసిన ఆ దండతోనే బస్సెక్కాను.

పిల్లలు నన్ను నమ్మడం మానలేదు. పేరు మాత్రం బండ టీచరని స్థిరపడింది. రిటైరయ్యే దాకా అదే పేరు. వాళ్ళ పిల్లలు కూడా అదే పేరుతో పిలిచారు. నేను ఒక్కసారి కూడా కాదనలేదు, కోప్పడలేదు. ఇప్పటికీ వీధిలో బండి గట్టిగా మోగితే మోకాళ్ళ నొప్పి మరిచిపోయి గేటు దాకా పోయే నాలోని ముసలమ్మను చూస్తే నాకే నవ్వొస్తుంది. ఆ కాగితం సగాలు రెండూ ఉన్నాయి, అతికించలేదు. నాయన నిఘంటువు కూడా ఉంది. అందులో లాగుట, ఈడ్చుట అన్న చోట, ఆ ఆదివారం సాయంత్రం నేను పెన్సిలుతో రాసిన మాట ఇంకా చెరిగిపోలేదు: బండ ఉండాలని లేదు.