పంటికి తగలని పొడి

ముగ్గురాయి పొడి ఎంత మెత్తగా నలిగిందో తెలుసుకోడానికి ఓబులేసు దగ్గర ఒక పద్ధతి ఉండేది. చిటికెడు తీసి ముందు పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని మెల్లగా కొరికేవాడు. గరగరమంటే ఇంకా నూరాలి. అనకపోతే అయినట్టు. మంగంపేట బెరైటీస్ గనుల పక్కన పొడి మిల్లుల్లో పనిచేసిన ప్రతివాడికీ తెలిసిన విద్యే అది. దాన్ని కర్నూలులో ఒక పాత ఎయిడెడ్ కాలేజీ ఫిజిక్స్ పరిశోధనశాల దాకా మోసుకొచ్చినవాడు మాత్రం ఓబులేసు ఒక్కడే.

డోన్ స్టేషన్ ఎదుట కిరాణా అంగడి వాళ్ల అమ్మాయి నాగశ్రీ, 2003లో అక్కడ పీహెచ్‌డీకి చేరింది. మొదటి రోజే ఈ కొరుకుడు చూసి కేక పెట్టింది.

"అన్నా! అది కెమికల్! ఉమ్మెయ్!"

"కెమికలేందమ్మా, ఇది మా ఊరు," అని నవ్వినాడు ఓబులేసు. "దీన్ని మింగే పెరిగినాం. ఆస్పత్రిలో కడుపు ఎక్స్‌రే తీసేముందు తెల్లగా సున్నంనీళ్ల మాదిరి తాపుతారు సూడు, అది గూడా ఇదే. బసవరాజు సారే చెప్పినాడు. రోగం వచ్చినోళ్లకు తాపేది, బాగుండేవాళ్లం మనం తింటే ఏమైతాది?"

బసవరాజు ఆ శాఖకు పెద్ద. ఆయన చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ఈ పొడి కడుపులో కరగదు, వచ్చిన దారినే పోతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయిందానికి బయటికొచ్చే దారి లేదనే రెండో సగం ఓబులేసుకు ఎవరూ చెప్పలేదు.

ఆ ల్యాబులో జరిగే పరిశోధన గురించి రెండు మాటలు చెప్పాలి. ఎక్స్‌రే గదుల్లో పనిచేసేవాళ్లు ఒంటికి సీసపు కోటు వేసుకుంటారు. అది శానా బరువు, ఏడాది తిరక్కముందే పగుళ్లిస్తుంది. ముగ్గురాయి కూడా సీసం మాదిరే ఎక్స్‌రేను ఆపుతుంది. దాన్ని వెంట్రుకను నిలువునా వెయ్యి పేలికలు చేసినంత సన్నంగా నూరి, రబ్బరులో కలిపి రేకులు పోస్తే, తేలిగ్గా ఉండే కోటు తయారవుతుందని బసవరాజు సారు ఆలోచన. ఢిల్లీ నుంచి ప్రాజెక్టు వచ్చింది. నానో అనే మాట అప్పట్లో కొత్త పెళ్లికూతురు. ఎక్కడ ఆ మాట వినబడితే అక్కడ గౌరవమే.

నూరడానికి యంత్రం ఉండేది. ఉక్కు గుండ్లు వేసిన డబ్బా నలభై గంటలు ఆగకుండా తిరగాలి. కర్నూలులో నలభై గంటలు ఆగకుండా కరెంటు ఇచ్చేవాడెవడు? యంత్రం ఆగితే పొడి అడుగున గట్టిపడేది. అప్పుడు ఓబులేసు దాన్ని గీకి, నున్నటి రాతి కల్వంలో వేసుకుని చేత్తో నూరడానికి కూర్చునేవాడు. గాలికి పొడి ఎగిరిపోతుందని తలుపులు, కిటికీలు మూసుకునేవాడు, ఫ్యాను ఆపేవాడు. మూతికి తుండుగుడ్డ. సాయంత్రానికి కనుబొమలు తెల్లబడి ముసలాడి మాదిరి బయటికొచ్చేవాడు. దుమ్మును లాగేసే యంత్రం ప్రాజెక్టు కాగితాల్లో ఉంది. గదిలో లేదు.

హైదరాబాదులో రేణువులు కొలిపించుకొచ్చిన ప్రతిసారీ నాగశ్రీకి ఒకటే ఆశ్చర్యం. ఓబులేసు పళ్లు "అయింది" అన్న పొడిని అక్కడి పెద్ద యంత్రం కూడా అయిందనేది.

"అన్నా, నీ పళ్లకు ఒక డాక్టరేట్ ఇప్పించాల."

"డాక్టరేట్ నువ్వు తీసుకో నాగశ్రీమ్మా. నాకు రిజిస్టరులో ఒక గీత ఇప్పించు, సాలు."

ఆ గీతే అతని బతుకు మొత్తం. ప్రిన్సిపాలు గదిలో ఒక హాజరు రిజిస్టరు ఉంటుంది. లెక్చరర్లు, గుమాస్తాలు, అటెండర్లు అందరూ పొద్దున వచ్చి అందులో సంతకం పెడతారు. దినకూలీలది వేరే పుస్తకం, స్టోరు గదిలో పాత బల్ల మీద పడి ఉంటుంది. పదిహేడేళ్లుగా ఓబులేసు స్టోరు గదిలోనే సంతకం పెడుతున్నాడు. పెద్ద రిజిస్టరులో పెట్టబోయే సంతకం మాత్రం ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నాడు. వాడి పారేసిన ఫిల్టర్ పేపర్లు గుండ్రంగా, తెల్లగా ఉంటాయి. వాటి మీద తీరికున్నప్పుడల్లా రాసి చూసుకునేవాడు. 'జి. ఓబులేసు.' సు కింద తోక సుడి తిరిగి వెనక్కి పోయేది.

"ఏమప్పా, కలెక్టరువా నువ్వు, ఆ సంతకమేంది?" అని తోటి అటెండర్లు ఎగతాళి చేసేవాళ్లు.

"కలెక్టరుదైతే మూడేళ్లకు బదిలీ. నాది ఈడనే పాతుకుంటాది," అనేవాడు.

2006 జూన్‌లో ఆర్డరు వచ్చింది. ఒక అటెండరు పోస్టు, అతని పేరు మీద. వైద్యుల బోర్డు నుంచి ఆరోగ్యం బాగుందని సర్టిఫికెట్ తెచ్చి, తొంభై రోజుల్లో చేరాలి. లేకుంటే పోస్టు పోతుంది. ఆ సాయంత్రం ల్యాబులో అందరికీ మైసూరుపాకు పంచినాడు. కల్లూరులోని ఇంటికి పోయి పెండ్లాం నాగలక్ష్మమ్మ ముందర సంతకం పెట్టి చూపించినాడు. ఆమె కాలేజీ హాస్టల్లో వంటకు సాయం పోతుంది. "ఇంగ పెన్ను మార్చు, ఇది కారుతాండాది," అందట.

బోర్డులో ఎక్స్‌రే తీసినారు. ఒక డాక్టరు ఫిల్మును వెలుగుకు పెట్టి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి దగ్గు?"

"దగ్గు లేదు సార్."

"రాత్రిళ్లు జ్వరం? ఆకలి తగ్గిందా?"

"లేదు సార్. కల్లూరు నుంచి దినామూ సైకిలు తొక్కుకుంటా వస్తాండా."

"లోపలంతా ముగ్గు చల్లినట్టుంటే దగ్గు లేదంటావేందయ్యా?"

ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది. "అదే సార్! ముగ్గురాయే! ఆ పొడి పనిలోనే ఉండా నేను. మీరు రోగులకు తాపుతారు గదా, అదే."

"తాపేది కడుపులోకి పోతుంది. నీకు ఊపిరితిత్తుల్లోకి పోయిందా?" అని డాక్టరు, పక్కనున్న కాంపౌండరు ఇద్దరూ నవ్వినారు. "సైన్సు కాలేజీలో ఊడ్చేవాళ్లు గూడా సైంటిస్టులే సార్," అన్నాడు కాంపౌండరు.

కఫం మూడుసార్లు పరీక్ష చేసినారు. ఏమీ లేదు. అయినా టీబీ మీదనే అనుమానం. 'తాత్కాలికంగా అనర్హుడు. ఆరు నెలలు మందులు వాడి రావలెను.' బోర్డులో వయసు మళ్లిన డాక్టరు ఒకాయన మాత్రం ఒక మాటన్నాడు: "నిజంగా ఆ పొడే అయితే మీ పై ఆఫీసరుతో కాగితం రాయించుకు రా. ఏం పొడి, ఎన్నేళ్లు, ఎట్లాంటి గది. అప్పుడు మళ్లా చూస్తాం."

ఒక్క కాగితం. ఆరు వాక్యాలు కూడా అక్కర్లేదు.

ఓబులేసు ఫిల్ము తీసుకుని బసవరాజు సారు గదికి పోయినాడు. సారు దాన్ని ట్యూబులైటుకు ఎత్తి పట్టి చూసినాడు. ఆయన ఉద్యోగమే అది. ఎక్స్‌రేను ఏది ఆపుతుందో, ఆపినచోట ఫిల్ము ఎట్లా తెల్లబడుతుందో పదేళ్లుగా పిల్లలకు చెప్తున్న మనిషి. అర నిమిషంలో ఆయనకు అర్థమైంది. అర్థమైనట్టు ముఖంలో కనబడింది కూడా అని ఓబులేసు తర్వాత పెండ్లాంతో అన్నాడు.

"రాసిస్తా గానీ ఓబులేసూ," అన్నాడు సారు చివరికి, "రాసిస్తే మన ల్యాబులో దుమ్ముందని మనమే ఒప్పుకున్నట్టు. సెప్టెంబరులో ఢిల్లీ వాళ్లు తనిఖీకి వస్తారు. ప్రాజెక్టు ఆగితే నాగశ్రీ చదువు గూడా ఆగిపోతాది. నువ్వే ఆలోచించు. మందులే గదా, వాడు. ఏం పోతుంది?"

బసవరాజు సారు చెడ్డవాడు కాదని కాలేజీలో ఇప్పటికీ అంటారు. ఓబులేసు బిడ్డకు పుస్తకాలు కొనిచ్చినాడట, పండగకు బట్టలు పెట్టినాడట. కావచ్చు. ఈ దేశంలో కూలీలను చంపుతున్నది చెడ్డవాళ్లు మాత్రమే అయితే మనకింత కష్టముండేది కాదు. సంతకం పెట్టాల్సినచోట పెన్ను మూత పెట్టేసే మంచివాళ్లే మనకు ఎక్కువ.

నాగశ్రీ చదువు ఆగిపోతుందన్న మాట ఓబులేసును కట్టిపడేసింది. ఆ అమ్మాయి అప్పుడు కొలతల పని మీద రెండు నెలలు హైదరాబాదులో ఉంది. ఆమెకు చెప్పలేదు. ప్రభుత్వ టీబీ కేంద్రానికీ పోలేదు. అక్కడ పేరు రాసుకుంటారు, కాలేజీకి తెలుస్తుందని భయం. బయట మందుల అంగట్లో కొన్నాడు. గడువు తొంభై రోజులు, మందులు ఆరు నెలలు. ఈ లెక్క కుదరదని ఎవరినడిగినా చెప్పేవాళ్లు. అతను ఎవరినీ అడగలేదు. తనకు తెలిసిన పనిలోంచే ఉపాయం వెతుక్కున్నాడు.

"రెండేసి ఎందుకు మింగుతాండావు?" అని ఒక పొద్దున నాగలక్ష్మమ్మ అడిగింది.

"ఒక పూట నూరితే పది దినాలు పట్టే పొడి, రెండు పూటలా నూరితే అయిదు దినాలకే అయితాది గదే. ఆరు నెల్ల మందు మూడు నెల్లకు అయిపోతాది. బోర్డుకు పోయి సూపిస్తా."

మూత్రం ఎర్రగా వస్తే మందు బాగా పట్టిందనుకున్నాడు. అన్నం సయించకపోతే రోగం పోతున్నదనుకున్నాడు. లేని రోగం పోవడమేమిటి?

గడువులో యాభై ఎనిమిదో రోజున నాగశ్రీ తిరిగొచ్చింది. పొడి సీసా అందిస్తుంటే అతని అరచేయి చూసింది, తలెత్తి కళ్లు చూసింది. పసుపు.

"అన్నా, ఏమైంది నీకు?"

"ఎండ కాకమ్మా."

"ఓబులేసన్నా! నా మొహం చూసి చెప్పు."

బీరువా వెనక దాచిన ఫిల్ము బయటికి తీసినాడు. నాగశ్రీ దాన్ని కిటికీకి ఆనించి చూసింది. తర్వాత తన అరలోంచి ఇంకో ఫిల్ము తీసి పక్కన పెట్టింది. అది వాళ్ల రబ్బరు రేకుది. పొడి సరిగా కలవని మొదటి రేకు, అక్కడక్కడా ముద్దలు కట్టినది. రెండింట్లోనూ అవే చుక్కలు, అంతే గట్టి తెలుపు. టీబీ మచ్చ అంత తెల్లగా ఉండదు. రాయి ఒక్కటే అట్లా ఉంటుంది. మూడేళ్లుగా ఆమె రబ్బరులో సమంగా పరచాలని తంటాలు పడుతున్న పొడి, అడగకుండానే మనిషి రొమ్ములో పరుచుకుని ఉంది.

"ఇది జబ్బు కాదన్నా," అంది. "ఇది మన శాంపులు."

ఓబులేసు ముఖం వెలిగింది. "నేను సెప్పలే? నేను ఆ పొద్దే సెప్పినా వాళ్లకు! పంటికి తగల్లే గానీ, ఫొటోకు తగిలిందన్నమాట." ఆ నవ్వే ల్యాబులో ఆఖరిది.

ఆమె ఆ మధ్యాహ్నమే రెండు ఫిల్ములూ పట్టుకుని, అతన్ని ఆటోలో వేసుకుని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి తల పట్టుకున్నాడు. "ఊపిరితిత్తులు బాగానే పనిచేస్తున్నాయి. ఈ దుమ్ముతో ఇంకా ముప్పై ఏళ్లు బతికేవాడు. మాత్రలు ఎన్ని వేసుకుంటున్నావు?" ఓబులేసు చెప్పినాడు. డాక్టరు కాలేయం పరీక్షలకు రాసి, మాత్రలన్నీ ఆ క్షణమే ఆపమన్నాడు.

మాత్రలకు కాలేయం చెడిపోయిందని తేలింది, ఆస్పత్రిలో చేర్చినారు. నాగశ్రీ బసవరాజు సారు కోసం ఆగలేదు. కాగితం తానే రాసింది. ఏం పొడి, ఎన్నేళ్లు, ఎట్లాంటి గది. మూసిన కిటికీలు, ఆపిన ఫ్యాను, లేని యంత్రం, ఏదీ వదల్లేదు. కింద సంతకం పెట్టి, ఫిల్మూ, డాక్టరు అభిప్రాయమూ జతచేసి బోర్డుకు ఇచ్చింది. ఇచ్చినందుకు ఆమె పీహెచ్‌డీ ఇంకో మూడేళ్లు సాగింది, ఇంకో కాలేజీలో, ఇంకో గైడు దగ్గర. అది ఆమె కథ, ఆమె ఫిర్యాదు చేయలేదు.

ఆస్పత్రి మంచం మీద ఓబులేసు దినాలు లెక్కపెట్టేవాడు. "ఇయ్యాల డెబ్బై నాలుగు. కాగితం వచ్చిందా నాగశ్రీమ్మా?" "వస్తుందన్నా." డెబ్బై తొమ్మిది దాకా అడిగినాడు. తర్వాత తెలివి తప్పింది. ఎనభై మూడో రోజు పోయినాడు. నలభై రెండేళ్లు.

ఎనభై ఆరో రోజు బోర్డు నుంచి కవరు వచ్చింది. మనిషిని పిలిపించలేదు, ఫిల్మునూ కాగితాలనూ చూసి రాసేసినారు. గడువుకు ఇంకా నాలుగు రోజులుంది. నాగశ్రీ దాన్ని కల్లూరుకు తీసుకుపోయింది. ఇవ్వాలా వద్దా అని వాళ్ల సందు మొదట్లో శానాసేపు నిలబడిందట.

నాగలక్ష్మమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో గుండ్రటి ఫిల్టర్ పేపర్ల కట్ట. ప్రతిదాని మీదా అదే సంతకం, సుడి తిరిగిన అదే తోక.

"సదువమ్మా," అంది.

నాగశ్రీ చదివింది. "జి. ఓబులేసు అను వ్యక్తికి ఎట్టి వ్యాధియు లేదు. విధులలో చేరుటకు పూర్తిగా అర్హుడు."

నాగలక్ష్మమ్మ కాగితం అందుకుని, ఎగాదిగా చూసి, ఫిల్టర్ పేపర్ల మధ్య పెట్టుకుంది.

"ఏ జబ్బూ లేదనే గదమ్మా రాసినారు దీంట్లో?"

"అవునక్కా."

"మరి నాయన ఏ జబ్బుతో పోయినాడని పాప అడిగితే, ఏమని సెప్పేది?"